సిగ్నల్ రాయి

మొఖోట్లాంగ్‌లో మే నెలాఖరు.
కొండల మీద తొలి మంచు, కిటికీ పగులుకి అట్టముక్క,
కిరసనాయిలు స్టవ్ పక్కన నేనూ
నలభై ఒక్క నోటుపుస్తకాలూ.
అన్నీ ఒకే వాక్యంతో నిద్ర లేస్తాయి:
"నేటి ఆధునిక ప్రపంచంలో..."
దుప్పట్లు కప్పుకుని వరసగా నిలబడ్డ పిల్లలు
అందరూ ఒకే దగ్గు దగ్గినట్టు.

తప్పు వాళ్లది కాదు. ఆ దగ్గు నేనంటించిందే.
ఉపోద్ఘాతం, మూడు లాభాలు, మూడు నష్టాలు, ముగింపు:
బోర్డు మీద నాలుగు గడులు గీసింది నేనే,
గొర్రెల దొడ్డికి నాలుగు గోడలు లేపినట్టు.
లోపల గొర్రె ఉందో లేదో
ఎప్పుడూ తొంగి చూడలేదు.

మోఖేతి రాశాడు:
"సెల్‌ఫోన్ వల్ల ప్రపంచం మన అరచేతిలోకి వచ్చింది."
వాడి ఊళ్లో సిగ్నల్ లేదని నాకు తెలుసు.
పిలిచి అడిగాను, ఎవరి అరచేతిలోకిరా?
బూట్ల వైపు చూశాడు.
"గైడులో అలా ఉంది మేడమ్."
మరి మీ ఊళ్లో?
"మా ఊళ్లో రాయి ఉంది."

కొండ మీద, గుర్రం జీనులాంటి రాయి.
ఎక్కి, మొహం నదివైపు తిప్పితే రెండు గీతలు.
అరడుగు ఎడమకి జరిగితే ఒకటే.
మాట్లాడేవాళ్లు పైన, వంతు కోసం కూర్చునేవాళ్లు కింద,
గాలి అటునుంచి వీస్తే ప్రతి మాటా కిందికే.
గుక్క తిప్పుకోకుండా చెప్పి
చటుక్కున ఆగాడు.
"ఇదంతా వ్యాసంలోకి రాదు కదా?"
ఎందుకు రాదు?
"పేపరు దిద్దేవాళ్లు ఆ రాయిని చూసుండరు."

చూసుండరు.
అందుకే, రాయి.

రాశాడు. పదకొండు పేజీలు.
కుక్క పేరుతో సహా.
నాకు ఎక్కడ కత్తెర వెయ్యాలో తోచక
లిఖాబిసోకి ఇచ్చాను.
ఉన్ని కోతల రోజుల్లో ఆ పిల్ల షెడ్డులో పనిచేస్తుంది;
పొట్టకింది ఉన్నీ వీపుమీది ఉన్నీ
చూపుడువేలూ బొటనవేలూ చాలు, వేరు చేసేస్తుంది.
కాగితాన్నీ అలాగే నలిపి చూసింది.
"ఇక్కడ నాకు చలేసింది.
ఇక్కడ నువ్వు అబద్ధమాడుతున్నావు.
ఈ కుక్క ఎందుకు?"
కుక్క గురించి ఇద్దరూ పోట్లాడుకున్నారు.
కుక్క ఉండిపోయింది.

మూడోసారి రాసింది నా చేతికొచ్చేసరికి
మూడు వారాలు పట్టింది, మూడు పేజీలయింది.
మొదటి పేజీలో:
ఫోన్ మా ఊళ్లో ఎవరి గుట్టూ మిగల్చలేదు.
రెండో పేజీలో ఒక ముసలామె
క్లినిక్ నుంచి వచ్చిన కబురు రాయి మీద నిలబడి వింటుంది.
కింద తొమ్మిదిమంది. అందరికీ వినపడింది.
ఎవరూ తమ వంతు అడగలేదు.
ఒకరు ఆమె సంచీ అందుకున్నారు,
కుక్క ముందు నడిచింది,
తొమ్మిదిమందీ ఫోన్లు జేబుల్లోనే పెట్టుకుని
ఆమెతోపాటు కొండ దిగారు.
తర్వాత, ఒక్క వాక్యం:
"కాబట్టి నేను మొదటి పేజీలో అన్నది సగం తప్పు.
ఏ సగమో ఇంకా తెలీదు."

నా ఎర్రపెన్ను అలవాటుగా పక్కన గీసింది:
'పరస్పర విరుద్ధం. గోడమీద పిల్లి వాటం.
ఏదో ఒక పక్షం తీసుకో.'

స్టవ్ రెండుసార్లు ఆరిపోయి వెలిగింది.
ఇరవైరెండేళ్లుగా ఎన్ని పుస్తకాల్లో
ఈ మాటే రాశానో!
సరిగ్గా ఆలోచన మలుపు తిరిగే చోట
ఎన్నిసార్లు అడ్డంగా నిలబడ్డానో!
నా గీతని నేనే కొట్టేశాను.
కొట్టేసింది వాడికి కనపడేలాగే ఉంచాను.

అక్టోబరులో పెద్దపరీక్ష.
నలభై నిమిషాల్లో రాయిదాకా ఎక్కి దిగడమెలా
అని అడిగాడు మోఖేతి.
నా దగ్గర జవాబు లేదు.
గడులు మాత్రం ఉన్నాయి, అవీ కావాలి వాడికి,
అదీ నిజమే.

తర్వాతి పుస్తకం తెరిచాను.
"నేటి ఆధునిక ప్రపంచంలో..."
దగ్గు.
పెన్ను మూత తీసి, మార్జిన్‌లో, చిన్నగా:
మీ ఊళ్లో ఏముంది?